ట్రంకుపెట్టెలోని పత్రాలకు ఇంకో చోటు: లినక్స్ కంప్యూటరులో క్లౌడ్ నిల్వ ఏర్పాటు చేసుకోవడం ఎలా?

గుడియాత్తం, వేలూరు, పేర్ణాంబట్టు ప్రాంతాల తెలుగిళ్లలో కాగితాల కోసమే ఒక ట్రంకుపెట్టె గానీ, బీరువాలో ఒక పై అర గానీ ఇప్పటికీ ఉంటుంది. తాతల నాటి విక్రయ పత్రాలు, పట్టాలు, భాగ పరిష్కార దస్తావేజులు, మాతృభాష తెలుగు అని రాసిన బడి టీసీలు, కమ్యూనిటీ సర్టిఫికెట్లు, శుభలేఖలు, పలమనేరు, పుంగనూరు చుట్టాలు రాసిన ఉత్తరాలు అందులోనే ఉంటాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఆ ఊళ్లూ మన ఊళ్లూ ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. అందుకే మనలో చాలామంది పెట్టెల్లో రెండు రాష్ట్రాల కాగితాలు కలిసి ఉంటాయి.

ఆ పెట్టెకు నీళ్ల భయం ఉంది. 2021 నవంబరులో మోర్ధానా ఆనకట్ట నిండి కౌండిన్య నది పొంగినప్పుడు గుడియాత్తంలో ఏటి ఒడ్డు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అదే నెలలో పేర్ణాంబట్టులో ఒక ఇంటి గోడ కూలి తొమ్మిదిమంది చనిపోయారు. అలాంటి రాత్రి ఎవరైనా ముందు పిల్లలను, పెద్దవాళ్లను బయటికి తెస్తారు. పెట్టె సంగతి తర్వాతే. కాబట్టి పెట్టెలో ఉన్నదానికి ఒక నకలు వేరేచోట ముందే ఉండాలి.

ఆ వేరేచోటుగా క్లౌడ్ నిల్వను ఎలా వాడుకోవాలో ఈ వ్యాసంలో చెబుతున్నాం. అదీ లినక్స్ కంప్యూటరులో. దానికి కారణం ఉంది.

మన ఇళ్లలో లినక్స్ ఎక్కడిది?

తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టింది. ఎల్కాట్ ద్వారా వచ్చిన ఆ ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. బాస్ అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. సీడాక్ సంస్థ డెబియన్ అనే లినక్స్ ఆధారంగా దాన్ని తయారుచేసింది. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగే తెర వస్తుంది. చాలామంది పిల్లలు విండోస్‌నే ఎంచుకుని బాస్‌ను ముట్టకుండా వదిలేశారు. చదువు అయిపోయాక ఆ ల్యాప్‌టాప్ అటక మీదికి పోయింది.

పదేళ్లు దాటిన ఆ యంత్రంలో విండోస్ నత్తనడక నడుస్తుంది, వైరస్‌లు పట్టి ఉంటాయి. అదే యంత్రంలో కొత్త లినక్స్ వేస్తే కాగితాల పనికి చక్కగా సరిపోతుంది. లైసెన్సు ఖర్చు లేదు. లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం, లుబుంటు వంటివి తక్కువ మెమొరీతోనూ పనిచేస్తాయి. పాత బాస్‌ను అలాగే ఉంచి కొత్త ప్రోగ్రాములు వేయాలని చూస్తే చిక్కు వస్తుంది. దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి, పైగా 32 బిట్ రకం అయి ఉండొచ్చు. ఇప్పుడు క్లౌడ్ ప్రోగ్రాములు ఎక్కువగా 64 బిట్‌కే వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ అనేచోట చూస్తే మీది ఏదో తెలుస్తుంది. ప్రాసెసరు 64 బిట్‌ది అయితే కొత్త లినక్స్ వేయించడమే మేలు. వేసే ముందు అందులోని పాత ఫొటోలు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి.

క్లౌడ్ అంటే ఏమిటి? సింక్ అంటే ఏమిటి?

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. ఏదో ఒక సంస్థ ఎక్కడో నడిపే పెద్ద కంప్యూటర్లు, అంతే. మన ఫైలు నకలు అక్కడ ఉంటుంది. క్లౌడ్ ప్రోగ్రామును వేసుకుంటే మన కంప్యూటరులో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. అందులో మనం ఏది పెడితే అది నెట్ ఉన్నప్పుడు పైకి వెళుతుంది. బెంగుళూరులో ఉన్న కొడుకు కంప్యూటరులోనూ అదే ఖాతా ఉంటే అక్కడికీ దిగుతుంది. దీన్నే సింక్ అంటారు.

ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. సింక్ రెండు వైపులా నడుస్తుంది. ఇక్కడ ఫైలు తీసేస్తే అక్కడా పోతుంది. ఇక్కడ పాడైతే ఆ పాడైనదే అక్కడికీ చేరుతుంది. కాబట్టి సింక్ ఉంది కదా అని పెన్‌డ్రైవ్‌లో ఉన్న నకలును చెరిపేయకూడదు. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో చెరిపిన ఫైలును 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ గడువు దాటితే దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఏ సేవ ఎంచుకోవాలి?

డ్రాప్‌బాక్స్‌కు లినక్స్ కోసం సంస్థే తయారుచేసిన ప్రోగ్రాము ఉంది. ఉచితంగా 2 జీబీ ఇస్తారు, మూడు పరికరాలకు మించి కలపనివ్వరు. 2 జీబీ తక్కువే అనిపిస్తుంది గానీ, స్కాన్ చేసిన పేజీ ఒక్కొక్కటి 1 ఎంబీ అనుకుంటే సుమారు 2000 పేజీలు పడతాయి. ఒక కుటుంబం కాగితాలకు అది చాలు. పెళ్లి వీడియోలకు మాత్రం చాలదు.

గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం. జీమెయిల్, ఫొటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. లినక్స్‌కు గూగుల్ సొంత ప్రోగ్రాము ఇవ్వలేదు. నోమ్ డెస్క్‌టాప్ ఉన్న చాలా వెర్షన్లలో సెట్టింగ్స్‌లోని ఆన్‌లైన్ అకౌంట్స్‌కు వెళ్లి గూగుల్ ఖాతా కలిపితే, ఫైల్స్ కిటికీలో ఎడమవైపు డ్రైవ్ కనిపిస్తుంది. అయితే ఆ ఫైళ్లు మన కంప్యూటరులోకి దిగి ఉండవు. నెట్ లేకపోతే తెరుచుకోవు.

మెగా సంస్థ కూడా లినక్స్‌కు ప్రోగ్రాము ఇస్తోంది. మరొకటి నెక్స్ట్‌క్లౌడ్. దీనికి ప్రత్యేకత ఉంది. సర్వరును మనమే పెట్టుకోవచ్చు. ఏదైనా తెలుగు సంఘం తన సభ్యత్వ పుస్తకాలు, పాత సంచికలు, ఫొటోలు ఒకచోట దాచుకోవాలంటే, నడిపే మనిషి ఒకరు దొరికితే, ఇది మంచి దారి. ఇళ్లకు మాత్రం అంత పని అక్కర్లేదు. అందుకని కింద డ్రాప్‌బాక్స్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. మిగతావాటి పద్ధతీ ఇంచుమించు ఇదే.

వేసుకునే పద్ధతి

మొదట కంప్యూటరులో కనీసం 5 జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఆ యంత్రానికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఏదో తెలుసుకోండి. పిల్లలు ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటే అక్కడే పని ఆగిపోతుంది. ఇది కంప్యూటరు పాస్‌వర్డ్. ఈమెయిలుదీ, డ్రాప్‌బాక్స్‌దీ వేరు.

ఉబుంటు, బాస్, డెబియన్ అయితే ఫైర్‌ఫాక్స్ తెరిచి డ్రాప్‌బాక్స్ సొంత సైట్‌లో లినక్స్ డౌన్‌లోడ్ పేజీకి వెళ్లండి. ఉబుంటు పేరుతో ఉన్న 64 బిట్ డెబ్ ఫైలును దించుకోండి. వేరే సైట్‌లు ఇచ్చే ఫైళ్లు వద్దు. దిగిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ లేదా యాప్ సెంటర్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. లినక్స్ మింట్‌లో ఇంకా సులువు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో డ్రాప్‌బాక్స్ అని వెతికి అక్కడినుంచే వేసుకోవచ్చు.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఇన్‌స్టాల్ అయిందని చెబుతుంది గానీ ఫోల్డర్ ఎక్కడా కనిపించదు. ఎందుకంటే ఇందులో రెండు భాగాలున్నాయి. ఇప్పుడు వేసింది చిన్న భాగం, ఫైల్స్ కిటికీలో గుర్తులు చూపించడానికి, రెండో భాగాన్ని పిలవడానికి. అసలు పని చేసే పెద్ద భాగం ఇంకా దిగలేదు. అప్లికేషన్ల మెనూలో డ్రాప్‌బాక్స్ తెరిస్తే, దాన్ని దించుకోవాలా అని ఒక చిన్న కిటికీ అడుగుతుంది. ఓకే నొక్కండి. నెట్ నిదానంగా ఉంటే కొంతసేపు పడుతుంది, మధ్యలో ఆపకండి.

ఆ పెద్ద భాగం లాగిన్ అయిన మనిషి సొంత ఫోల్డరులోకి దిగుతుంది. ఒకే కంప్యూటరులో నాన్నకొక లాగిన్, కూతురికొక లాగిన్ ఉంటే, ఇద్దరూ విడివిడిగా దించుకోవాలి. నాన్న లాగిన్‌లో వేసింది కూతురి లాగిన్‌లో కనిపించలేదంటే కారణం ఇదే.

దిగడం పూర్తయ్యాక బ్రౌజరు తెరుచుకుని ఖాతా అడుగుతుంది. ఖాతా లేకపోతే అక్కడే తెరవొచ్చు. లాగిన్ అయ్యాక మీ హోమ్ ఫోల్డరులో డ్రాప్‌బాక్స్ పేరుతో కొత్త ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో పెట్టిన ఫైలు మీద నీలం గుర్తు తిరుగుతుంటే ఇంకా పైకి వెళుతోందని అర్థం, ఆకుపచ్చ టిక్కు పడితే చేరిందని అర్థం. టిక్కు పడేదాకా కంప్యూటరు కట్టేయకండి. ప్రిఫరెన్సెస్‌లో, కంప్యూటరు ఆన్ కాగానే తానే మొదలయ్యే వీలుందో చూసి దానికి టిక్కు పెట్టండి. లేకపోతే ప్రతిసారీ మనమే తెరవాలి.

పని అయిందో లేదో నమ్మకం కోసం ఒక చిన్న పరీక్ష చేయండి. చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటి తయారుచేసి దానికి తెలుగులో పేరు పెట్టండి. అయిదు నిమిషాల తర్వాత ఫోనులో అదే ఖాతాతో తెరిచి చూడండి. అక్కడ కనిపిస్తే మిగతా కాగితాలు మొదలుపెట్టొచ్చు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎల్కాట్ ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉంటే దాని డిస్కు భాగం లినక్స్‌లోనూ కనిపిస్తుంది. అక్కడ ఖాళీ ఎక్కువుందని డ్రాప్‌బాక్స్ ఫోల్డరును అందులోకి మార్చకండి. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిది, లినక్స్ డ్రాప్‌బాక్స్ దాన్ని ఒప్పుకోదు. లినక్స్ సొంత ఈఎక్స్‌టీ4 భాగంలోనే ఉంచండి. రెండోది, అవసరం లేని ఫోల్డర్లు ఈ కంప్యూటరులో దిగకూడదంటే సెలెక్టివ్ సింక్ అనే వీలు వాడండి. అందులో టిక్కు తీస్తే ఆ ఫోల్డర్ ఈ కంప్యూటరులోనుంచి మాత్రమే పోతుంది, క్లౌడ్‌లో ఉంటుంది. చెరపడం వేరు, టిక్కు తీయడం వేరు.

కాగితాన్ని ఫైలు చేసేటప్పుడు

పాత పత్రాన్ని నెమ్మదిగా విప్పి, మడతలు సర్ది, కిటికీ వెలుగులో పెట్టండి. ఫోనుతో తీస్తే ఫ్లాష్ వద్దు. స్కానరు ఉంటే 300 డీపీఐ చాలు. స్టాంపు కాగితాలకు వెనకవైపు కూడా తీయండి, స్టాంపు అమ్మినవారి వివరాలు, రిజిస్ట్రారు ఆఫీసు ముద్రలు చాలాసార్లు అక్కడే ఉంటాయి. ఒక పత్రం పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేయండి.

ఫైలు పేరు ముందు సంవత్సరం పెట్టండి. 1962-విక్రయ పత్రం-ఊరు-కొన్నవారి పేరు, ఇలా రాస్తే ఫోల్డరులో అన్నీ కాలక్రమంలో వాటంతటవే సర్దుకుంటాయి. మన సర్వే నంబర్లలో అడ్డగీత ఉంటుంది. ఫైలు పేరులో ఆ ఏటవాలు గీతను లినక్స్ ఒప్పుకోదు. 214 కింద 2ఏ అయితే 214-2ఏ అని రాయండి. తేదీలకూ అంతే. ఇంకో చిక్కు ఉంది. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. అంటే అన్నీ కలిపి 85 గుర్తులకు మించి పట్టవు. పేరు పొట్టిగా ఉంచండి.

తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ గానీ, నోటో తెలుగు ఫాంట్ గానీ వేసుకోండి. తెలుగు టైపింగుకు ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఉంది. పాత శుభలేఖలు, సంఘం కరపత్రాలు అను ఫాంట్లలో చేసినవైతే, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి. అవి తెరుచుకునే యంత్రం ఇంకా ఉండగానే పీడీఎఫ్‌గా మార్చి దాచండి.

చదివేవాళ్లు ఉండగానే

ఫైలు భద్రంగా ఉంటే చాలదు. దాన్ని రేపు ఎవరు చదువుతారు? 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై దశలవారీగా అమలైంది. దాని కింద చదివిన మొదటి పిల్లలు 2016లో పదో తరగతి పరీక్ష రాశారు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గానీ చదవలేని పిల్లలు మన మధ్య చాలామంది ఉన్నారు. ఇక పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత అయితే తెలుగు చదివినవాళ్లకే కష్టం. ఇంట్లో ఆ రాత చదవగలిగిన తాతగారో, అవ్వో ఇంకా ఉంటే, పత్రాన్ని వారి చేతిలో పెట్టి పైకి చదివించి ఫోనులో రికార్డు చేయండి. హద్దులు, చెట్లు, బావి, పక్క పొలం ఎవరిది, ఆ మనిషి మనకు ఏమవుతారు, అన్నీ అడగండి. ఆ ఆడియోకు పత్రం పేరే పెట్టి పక్కనే ఉంచండి. వరదకు తడవని కాగితం కూడా, చదివేవాళ్లు లేకపోతే ఒట్టి కాగితమే అవుతుంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఖాతా ఒక్కరి పేరుతో, ఒక్కరి సిమ్‌తో ఉంటే, ఆ మనిషి లేని రోజున ఇల్లంతా బయటే నిలబడాలి. కాబట్టి కుటుంబం ఫోల్డరును కనీసం ఇద్దరు ముగ్గురితో షేర్ చేయండి. గుడియాత్తంలో అన్న, పలమనేరులో తమ్ముడు, బెంగుళూరులో చెల్లెలు, ముగ్గురి దగ్గరా ఒకే కాగితాలు ఉంటాయి. షేర్ చేసిన ఫోల్డర్ డ్రాప్‌బాక్స్‌లో ప్రతి ఒక్కరి 2 జీబీ లెక్కలోకీ వస్తుందని గుర్తుంచుకోండి. అందరికీ మార్చే అధికారం ఇస్తే ఒకరి చేతిలో పోయింది అందరికీ పోతుంది. సర్దే బాధ్యత ఒకరికి ఇచ్చి మిగతావారు చూసేలా చేసుకుంటే గొడవ ఉండదు.

రెండంచెల లాగిన్ తప్పకుండా పెట్టండి. అప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఆ ట్రంకుపెట్టెలోనే దాచండి. పాస్‌వర్డ్ దాని పక్కనే పెట్టకండి. ఆధార్, బ్యాంకు కాగితాలున్న ఫోల్డరుకు అందరూ తెరవగలిగే లింకు చేసి వాట్సాప్ గ్రూపులో వేయడం ప్రమాదం. జిరాక్సు షాపులో, ఇంటర్నెట్ సెంటరులో లాగిన్ అయితే లాగౌట్ చేయకుండా లేవకండి. ఖాతాను నెలకోసారైనా తెరవండి. రెండేళ్లు వాడని ఖాతాను తొలగించే నియమం గూగుల్‌కు ఉంది.

స్కాన్ అసలు పత్రం కాదు

స్కాన్ ఉంది కదా అని అసలు పత్రం పట్ల అజాగ్రత్త కూడదు. అమ్మకానికీ, బ్యాంకు రుణానికీ, కోర్టుకూ అసలు పత్రమే అడుగుతారు. అయితే స్కాన్‌లో పత్రం నంబరు, సంవత్సరం, రిజిస్ట్రారు ఆఫీసు పేరు ఉంటాయి. అసలు పోతే ఆ వివరాలతోనే రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలు, ఈసీ అడగగలం. ఆ నంబరే తెలియకపోతే వెతకడం ఎంత కష్టమో ఆ ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు తెలుసు. 2015లో వచ్చిన డిజిలాకర్ వేరే సంగతి. అందులో ప్రభుత్వ శాఖలే జారీచేసిన పత్రాలకు అసలుతో సమానమైన చెల్లుబాటు ఉంది. మనం సొంతంగా స్కాన్ చేసి ఎక్కించినవాటికి అది లేదు.

మొత్తం మీద ఒక పత్రం మూడు చోట్ల ఉండాలి. అసలు పెట్టెలో, నకలు క్లౌడ్‌లో, ఇంకో నకలు వేరే ఊళ్లోని చుట్టాల ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో. ప్రోగ్రాము వేసుకోవడానికి ఒక పూట చాలు. కాగితాలు తీయడానికి నాలుగైదు ఆదివారాలు పడుతుంది. ముందు భూమి పత్రాలు, తర్వాత సర్టిఫికెట్లు, ఆ తర్వాత ఉత్తరాలు, ఫొటోలు, ఈ వరసలో మొదలుపెట్టండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. ఆలోపు కనీసం భూమి పత్రాలకు ఆకుపచ్చ టిక్కు పడేలా చూసుకోండి.